పద్దెనిమిది సీట్ల లెక్క

1956 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు రాజ్యసభలో దానికి 18 సీట్లు వచ్చాయి. ఆ అంకె ఎవరో ఉజ్జాయింపుగా వేసింది కాదు. 1951 జనగణన ప్రకారం కొత్త రాష్ట్రం జనాభా సుమారు 3.1 కోట్లు. మొదటి 50 లక్షల మందికి పది లక్షలకొకటి చొప్పున ఐదు సీట్లు. మిగిలిన 2.6 కోట్ల మందికి ఇరవై లక్షలకొకటి చొప్పున పదమూడు. కలిపితే పద్దెనిమిది.

అదే లెక్కన 6.3 కోట్ల ఉత్తరప్రదేశ్‌కు 34 దక్కాయి. జనం రెట్టింపు దాటినా సీట్లు రెట్టింపు కాలేదు. చిన్నవాడికి కాస్త మొగ్గు చూపాలన్న న్యాయం ఈ కూడికలోనే ఉంది.

ఆ న్యాయం కోసం తగువు మనకంటే ముందే జరిగింది. 1787లో ఫిలడెల్ఫియాలో అమెరికా రాజ్యాంగం రాస్తున్నప్పుడు, జనాభాను బట్టే బలం ఉండాలని వర్జీనియా పట్టుబట్టింది. సమాన ఓటు వదులుకోవద్దని డెలావేర్ తన ప్రతినిధులను ముందే కట్టడి చేసి పంపింది. ఒక సభ జనాభాకు, రెండో సభ రాష్ట్రాలకు అంటూ కనెక్టికట్ ప్రతినిధులు రాజీ కుదిర్చారు. జులై 16న అది 5–4 ఓట్లతో గట్టెక్కింది. అందుకే 3.9 కోట్లు దాటిన కాలిఫోర్నియాకూ, ఆరు లక్షలైనా లేని వయోమింగ్‌కూ నేటికీ ఇద్దరేసి సెనేటర్లు. అధ్యక్ష ఎన్నికలోనూ ప్రతి రాష్ట్రానికి ఆ రెండు ఓట్లు అదనంగా కలుస్తాయి.

మనవాళ్లు అంత దూరం పోలేదు. అక్కడ రాష్ట్రాలు కలిసి దేశాన్ని కట్టుకున్నాయి. ఇక్కడ రాష్ట్రాల సరిహద్దులు మార్చే అధికారం పార్లమెంటుదే. నెహ్రూ అధ్యక్షతన యూనియన్ రాజ్యాంగ కమిటీ 1947లో మధ్యేమార్గం చూపింది: సమానత్వం కాదు, అచ్చంగా తలల లెక్కా కాదు, పైకి పోయేకొద్దీ పలచబడే వాటా. పెద్దల సభలో సీట్ల పంపకానికి అదే పునాది అయింది.

2000 నుంచి రాష్ట్రాలు విడిపోయినప్పుడు మాత్రం ఆ లెక్క మళ్లీ వేయలేదు. 2000లో ఉత్తరప్రదేశ్ 34 సీట్లు 31, 3గా, 2014లో మన 18 సీట్లు 11, 7గా చీలాయి. ఉన్నదే పంచుకున్నారు. కొత్తగా చిన్నదైన రాష్ట్రానికి మొగ్గు దక్కలేదు.

లెక్క కూడా పాతబడింది. 1951లో 50 లక్షలంటే ఆంధ్రప్రదేశ్ జనాభాలో ఆరో వంతు. 2011లో 8.46 కోట్ల ఉమ్మడి రాష్ట్రంలో పదిహేడో వంతు. జనం పెరిగేకొద్దీ ఆ రక్షణ కరిగిపోతోంది.

చిన్న రాష్ట్రానికి అదనపు బలం న్యాయమే, అయితే హద్దుండాలి. లోక్‌సభలో మనిషికొక ఓటన్నదే ప్రమాణం కావాలి. పెద్దల సభలో మాత్రం మన పెద్దలు వేసిన లెక్కను మళ్లీ తీసి, ప్రతి రాష్ట్రానికీ విడిగా వర్తింపజేసి, ఆ 50 లక్షల గీతను నేటి జనాభాకు తగినట్టు పైకి జరపాలి.