విల్లారి: చరిత్ర నుంచి బడికి, బడి నుంచి బస్తీకి

ఇటలీకి చెందిన పాస్క్వాలే విల్లారిని రెండు ముక్కలు చేసి చూపడం ఆనవాయితీ. సవొనరోలా, మాకియవెల్లీల జీవితాలు రాసిన చరిత్రకారుడు ఒకరు. 1891–92లో కొద్దికాలం విద్యామంత్రిగా చేసిన నాయకుడు మరొకరు. ఈ విభజన వల్ల అసలు మనిషి మరుగునపడ్డాడు.

1827లో నేపుల్స్‌లో పుట్టుక, సాహిత్య విమర్శకుడు దె సాంక్తిస్ దగ్గర చదువు, 1848 తిరుగుబాటు, ఫ్లోరెన్స్‌కు ప్రవాసం, పీసాలో ఆచార్య పదవి అందరూ చెప్పేవే. నిలిచి చూడవలసింది 1866–75 మధ్యకాలాన్ని.

1866లో ఇటలీ కుస్తోజాలో నేల మీద, లిస్సా దగ్గర సముద్రంలో ఆస్ట్రియా చేతిలో ఓడింది. జనం సేనానులను తిడుతుంటే, ‘తప్పెవరిది?’ అనే వ్యాసంలో విల్లారి కోటి డెబ్బై లక్షల నిరక్షరాస్యులను గుర్తుచేశాడు. ఆ అంకె పట్టుకునే ఆయనకు అక్షరాస్యతా ప్రచారకుడని ముద్ర వేశారు. అదే ఏడు ఆయన చరిత్ర రచనా పద్ధతి మీద కూడా వ్యాసం రాశాడు. ఊహలు మాని వాస్తవాల్లో కారణాలు వెతకాలన్నది అందులోని పట్టు. ఆ పట్టే ఆయన్ని బడి దగ్గర ఆగనివ్వలేదు. 1869లో విద్యాశాఖ ప్రధాన కార్యదర్శి అయ్యాడు. 1872కల్లా, కడుపు నిండనివాడికి అక్షరాలొక్కటే ఏం చేస్తాయని తన పాత నమ్మకాన్నే నిలదీశాడు.

1875లో దక్షిణ ఇటలీ గురించి రాసిన ‘దక్షిణ లేఖలు’ దానికి జవాబు. వాటిలో కనిపించే పేదల ఇల్లు ఇది: నేపుల్స్‌లో వీధి మట్టానికి ఒంటి గది; గాలీ వెలుతురూ రావాలన్నా ఆ వాకిలి నుంచే; ఇంటిల్లిపాదీ అందులోనే. కమోరా అనే నేర ముఠాలు పుట్టేది దక్షిణాది వారి స్వభావంలో కాదు, ఈ బతుకులోనని ఆయన వాదించాడు. జైళ్లతో, తుపాకులతో అది తెగదన్నాడు.

బడి గురించి ఇంత రాశాడు కదా అని, 6 నుంచి 9 ఏళ్ల పిల్లలకు చదువు నిర్బంధం చేసిన 1877 చట్టాన్ని ఆయన ఖాతాలో వేయలేం. పైగా ఆ చట్టం బడుల భారాన్ని పేద పురపాలికల మీదే ఉంచింది. ఆయన ఆలోచనకూ ఒక హద్దుంది: భూస్వాముల మనస్సాక్షిని తట్టాడు గానీ, రైతుకూలీల చేతికి అధికారం రావాలని గట్టిగా అడగలేదు. అందరికీ ఓటు కావాలని పోరాడింది ఆయన శిష్యుడు సాల్వెమినీ.

దక్షిణ ఇటలీ వెనుకబాటు గురించిన ‘దక్షిణ సమస్య’ చర్చకు ఆద్యుడని విల్లారికి నేడు దక్కుతున్న గౌరవం న్యాయమైనదే, కానీ చాలదు. పేదల నేరానికి వాళ్ల పుట్టుకనే కారణంగా చూపే వాదన ఇప్పటికీ చావలేదు. దాన్ని మౌనంగా వింటూ ఆయన పేరు తలచుకోవడం ఆయన్ని చదవకపోవడమే.