చేతుల పేర్లు మిగల్లేదు

లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో మన ఊరి పేరు ఉంది. నల్లటి రోజ్‌వుడ్ మీద తెల్లటి ఏనుగు దంతం పొదిగిన సామాన్లను ప్రపంచమంతా ఇప్పటికీ ‘వైజాగపటం పని’ అనే పిలుస్తుంది. వైజాగపటంలో, అంటే మన విశాఖలో మాత్రం, పాత నగరం సందుల నుంచి సీతమ్మధార దాకా వెతికినా, దంతం చెక్కే కార్ఖానా ఒక్కటీ లేదు.

పదిహేడో శతాబ్దంలో డచ్చివాళ్లు భీమునిపట్నంలో, ఇంగ్లీషువాళ్లు విశాఖలో కొట్లు కట్టుకున్నారు. బర్మాలోని పెగూ నుంచి ఓడల మీద దంతం, టేకు ఈ తీరానికి దిగేవి. దొరలు తమ దేశపు కుర్చీ, బల్ల నమూనాలు ఇస్తే మన కంసాలులు చేసి చూపించారు. రూపం వాళ్లదే, అంచుల్లో అల్లుకున్న పూలతీగలు మాత్రం మన కోరమండల్ అద్దకం బట్టల మీదివి. 1756లో ఇటు వచ్చిన కార్నీల్ అనే బ్రిటిష్ సైనికాధికారి ఈ పొదుగుడు పనికి సాటి లేదన్నట్టు రాసుకున్నాడు. మద్రాసు గవర్నరుగా చేసిన అలెగ్జాండర్ వించ్ ఇంటి దంతపు సామాన్లను 1781లో మూడో జార్జి రాజు తన రాణి షార్లెట్ కోసం కొన్నాడు. కొన్న రాజు పేరు, అంతకుముందు వాడుకున్న దొర పేరు చరిత్రలో ఉన్నాయి. చెక్కినవాడి పేరు లేదు.

ఆ పని ఒక్కడి వల్ల అయ్యేది కాదు. ఒకరు చందనపు పెట్టె కడితే, ఒకరు దంతాన్ని పలకలుగా కోయాలి. మరొకరు సన్నని ఉలితో దేవుళ్లనూ పువ్వులనూ గీయాలి. ఆ గీతల్లోకి నల్ల లక్క కరిగించి పోసి, పైకి తేలినదాన్ని గీకి, గరుకైన మేడిజాతి ఆకుతో రుద్ది మెరుగు పెట్టేవారు. తెల్లటి నేల మీద నల్లటి బొమ్మ అప్పుడు పైకి వచ్చేది. ఆ ఆకు ఎంత సేపు రుద్దాలో ఏ పుస్తకమూ చెప్పదు, పక్కన కూర్చుని చూసిన కుర్రాడికే తెలుస్తుంది.

పందొమ్మిదో శతాబ్దం వచ్చేసరికి బీరువాలు పోయి పెట్టెలు మిగిలాయి. ముళ్లపంది ముళ్లు, అడవిదున్న కొమ్ము, తాబేటి చిప్ప అతికిన చిన్న చిన్న పెట్టెలు. 1907 నాటి జిల్లా గెజిటీరు ఈ పరిశ్రమకు పునాది 1859–62 మధ్య కలెక్టరుగా ఉన్న ఫేన్ దొర వేశాడని చెబుతారని రాసింది. ఈ మాట నేను ఒప్పుకోను. అంతకు వందేళ్ల ముందే ఇక్కడి దంతపు కుర్చీలు సముద్రం దాటాయి. అసలు పతనం ఇలాంటి మాటలతోనే మొదలైందేమో. చేతివాళ్ల విద్యను దొరగారి దయగా రాసిపెట్టాక, వాళ్లను గుర్తుంచుకోవలసిన అవసరం ఎవరికీ లేకపోయింది. కొనే దొరలూ 1947తో వెళ్లిపోయారు.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1986 సవరణ మన ఏనుగుల దంతం వ్యాపారాన్ని, 1991 సవరణ ఆఫ్రికా దంతాన్ని మూసేశాయి. అది న్యాయమే. ఏ పెట్టె అందమూ ఒక ఏనుగు ప్రాణానికి సరిపోదు. కానీ దంతాన్ని ఆపినప్పుడు, ఆ వేళ్లలోని నేర్పును మరో పదార్థం మీదికి మళ్లించే బాధ్యత ఎవరూ తలకెత్తుకోలేదు. మళ్లించడం అసాధ్యమేమీ కాదు. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో అంకుడు కర్ర, లక్క, సహజ రంగులతో బొమ్మల పని నిలబడింది, 2017లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకుంది. దాని వెనక ఏళ్ల తరబడి నిలిచిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ దక్కింది. విశాఖ దంతపు పనికి అలాంటి మనిషి దొరకలేదు.

మీ ఇంట్లో తాతల నాటి ముళ్లపంది ముళ్ల పెట్టె ఏదైనా ఉంటే అమ్మకానికి పెట్టకండి, చట్టమూ ఒప్పదు. పెద్దవాళ్లు ఉండగానే అది ఏ వీధిలో, ఎవరి చేతి మీద తయారైందో అడిగి తెలుసుకోండి. ఆ పేరు ఒక కాగితం మీద రాసి పెట్టెలో ఉంచండి.