ఆడనందుకు జీతం: డయానా టురాసి రష్యా సంవత్సరాలు

2015 ఫిబ్రవరిలో అమెరికా బాస్కెట్‌బాల్ క్రీడాకారిణి డయానా టురాసి అభిమానులకు ఒక లేఖ రాశారు. వచ్చే వేసవిలో తన సొంత జట్టు ఫీనిక్స్ మెర్క్యురీకి ఆడబోవడం లేదని అందులో ప్రకటించారు. ఆమెకు గాయం కాలేదు. జట్టుతో గొడవా లేదు. అంతకు ముందు సెప్టెంబరులోనే ఆమె సారథ్యంలో ఫీనిక్స్ డబ్ల్యూఎన్‌బీఏ టైటిల్ గెలిచింది. అసలు కారణం ఎక్కడో ఉరల్ పర్వతాల దగ్గర ఉంది. శీతాకాలంలో ఆమె ఆడే రష్యా క్లబ్ యూఎంఎంసీ ఎకాటెరిన్‌బర్గ్, వేసవంతా విశ్రాంతి తీసుకొమ్మని కోరింది. స్వదేశంలో వదులుకునే జీతం కన్నా ఎక్కువే ఇస్తామని చెప్పింది.

అప్పట్లో డబ్ల్యూఎన్‌బీఏలో అగ్రశ్రేణి క్రీడాకారిణికి ఏడాదికి దక్కే గరిష్ఠ జీతం సుమారు 1,07,000 డాలర్లు. రష్యాలో టురాసి సంపాదన 15 లక్షల డాలర్ల దాకా ఉండేదని అమెరికా పత్రికలు రాశాయి. అదే ఏడాది పురుషుల ఎన్‌బీఏలో ఎవరికీ పేరు తెలియని కొత్త ఆటగాడికి కూడా కనీస జీతం 5 లక్షల డాలర్లు దాటింది. ప్రపంచంలో అత్యుత్తమ మహిళా క్రీడాకారిణిగా చాలామంది ఒప్పుకునే మనిషికి స్వదేశంలో దక్కేది అందులో అయిదో వంతు.

1982లో కాలిఫోర్నియాలో పుట్టిన టురాసి అర్జెంటీనా నుంచి వలస వచ్చిన కుటుంబపు బిడ్డ. కనెటికట్ విశ్వవిద్యాలయానికి 2002, 2003, 2004 సంవత్సరాల్లో వరసగా మూడు జాతీయ టైటిళ్లు సాధించి పెట్టారు. 2004 డ్రాఫ్ట్‌లో ఫీనిక్స్ ఆమెను అందరికన్నా ముందుగా ఎంచుకుంది. తొలి ఏడాది జీతం సుమారు 40 వేల డాలర్లు. డబ్ల్యూఎన్‌బీఏ సీజన్ వేసవిలో కొన్ని నెలలే సాగుతుంది. యూరప్ లీగ్‌లు అక్టోబరు నుంచి ఏప్రిల్ వరకు జరుగుతాయి. రెండూ ఒకదానికొకటి పెద్దగా అడ్డు వచ్చేవి కావు కాబట్టి అప్పట్లో అమెరికన్ క్రీడాకారిణులకు రెండు ఉద్యోగాలు చేయడం మామూలు సంగతే. టురాసి 2005లో డైనమో మాస్కోతో మొదలుపెట్టి, మరుసటి ఏడాది మాస్కో శివార్లలోని స్పార్టక్ క్లబ్‌కు మారారు.

ఆమె విదేశీ జీవితంలో అసలు కథ అక్కడే మొదలవుతుంది. స్పార్టక్‌ను నడిపింది షబ్తాయ్ కల్మనోవిచ్. లిథువేనియాలో పుట్టి ఇజ్రాయెల్‌కు వలస వెళ్లిన ఈయన, అక్కడ సోవియట్ గూఢచారి అని రుజువై 1980ల చివర్లో జైలుకు వెళ్లారు. విడుదలయ్యాక రష్యా చేరి వ్యాపారవేత్తగా స్థిరపడ్డారు. మహిళల బాస్కెట్‌బాల్ అంటే ఆయనకు వ్యామోహం. టురాసికి, ఆమె స్నేహితురాలు, మరో అమెరికన్ స్టార్ అయిన సూ బర్డ్‌కు విలాసవంతమైన ఇల్లు, కారు, డ్రైవరు సమకూర్చారు. గెలిచిన మ్యాచ్‌లకు బోనస్‌లు వేరు. అమెరికాలో అదే క్రీడాకారిణులు మామూలు విమానాల్లో ఇరుకు సీట్లలో కూర్చుని మ్యాచ్‌లకు వెళ్లేవారు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఈ డబ్బు టికెట్ల నుంచి వచ్చింది కాదు, టీవీ హక్కుల నుంచి వచ్చిందీ కాదు. కల్మనోవిచ్ జేబులోంచి వచ్చింది. పూర్వం జమీందార్లు నాటక సమాజాలను పోషించినట్టే ఇదీ. పోషకుడికి సరదా ఉన్నంత కాలం వైభవం ఉంటుంది. ఆయన ఉన్నంత కాలమే అన్నమాట కూడా. 2009 నవంబరు 2న మాస్కో వీధిలో తన మెర్సిడెస్ కారులో వెళ్తున్న కల్మనోవిచ్‌ను దుండగులు కాల్చి చంపారు. టురాసి, బర్డ్ సీజన్ మధ్యలో వెళ్లిపోలేదు. 2010 వసంతంలో స్పార్టక్ వరసగా నాలుగో యూరోలీగ్ టైటిల్ గెలిచింది. ఆ నాలుగింటిలోనూ టురాసి ఉన్నారు.

తర్వాతి మజిలీ ఇస్తాంబుల్‌లోని ఫెనర్‌బాచే. అక్కడ ఆమె కెరీర్ దాదాపు ముగిసిపోయేదే. 2010 డిసెంబరులో డోపింగ్ పరీక్షలో మోడఫినిల్ అనే ఉత్ప్రేరకం దొరికిందని అంకారా ప్రయోగశాల ప్రకటించింది. క్లబ్ ఒప్పందం రద్దు చేసింది. తాను ఆ మందు వాడలేదని ఆమె మొదటి నుంచీ చెబుతూనే ఉన్నారు. 2011 ఫిబ్రవరిలో ఆ ప్రయోగశాలే తన నివేదికను వెనక్కి తీసుకుంది. నిర్దోషి అని తేలింది గానీ ఆ సీజన్ మాత్రం తిరిగి రాలేదు. పరాయి దేశంలో ఒప్పందం ఎంత పెద్దదైనా అది ఎంత తేలిగ్గా తెగిపోతుందో అప్పుడు అర్థమైంది. మరుసటి ఏడాది అదే నగరంలోని గలటసరాయ్‌కు ఆడి, 2012లో మళ్లీ రష్యా వెళ్లారు.

ఈసారి ఎకాటెరిన్‌బర్గ్. క్లబ్ పేరులోని యూఎంఎంసీ అంటే ఉరల్ మైనింగ్ అండ్ మెటలర్జికల్ కంపెనీ. రాగి ఉత్పత్తిలో రష్యాలోని పెద్ద సంస్థల్లో ఒకటి. అప్పట్లో దాని అధిపతులు ఇస్కందర్ మఖ్ముదొవ్, ఆంద్రేయ్ కొజిత్సిన్. జట్టుకు చార్టర్ విమానాలు ఉండేవి. అమెరికాలో డబ్ల్యూఎన్‌బీఏ జట్లన్నింటికీ ఆ సౌకర్యం 2024లో గానీ రాలేదు. 2021లో న్యూయార్క్ లిబర్టీ యజమాని సొంత ఖర్చుతో చార్టర్ విమానం పెడితే, అది ఇతర జట్లపై అనుచిత ఆధిక్యమంటూ లీగ్ 5 లక్షల డాలర్ల జరిమానా వేసింది! ఎకాటెరిన్‌బర్గ్‌తో టురాసి 2013, 2016లో మరో రెండు యూరోలీగ్ టైటిళ్లు గెలిచారు. మొత్తం ఆరు.

డబ్బుకు ఇంకో ధర కూడా ఉంది. ఏడాదికి రెండు సీజన్లు, మధ్యలో ఒలింపిక్స్, ప్రపంచ కప్. శరీరానికి విరామమే ఉండదు. 2015 వేసవిలో ఎకాటెరిన్‌బర్గ్ ఆమెకు నిజానికి అమ్మింది విశ్రాంతినే, అదీ తన అవసరం కోసమే. ఆ విశ్రాంతి దొరకని వారికి ఏమవుతుందో 2019లో కనిపించింది. డైనమో కుర్స్క్‌కు ఆడుతున్న బ్రియానా స్టీవర్ట్‌కు హంగరీలోని షోప్రోన్‌లో జరిగిన యూరోలీగ్ ఫైనల్లో మడమ వెనుక ఉండే అకిలీస్ స్నాయువు తెగింది. అంతకు ముందు ఏడాది డబ్ల్యూఎన్‌బీఏలో అత్యుత్తమ క్రీడాకారిణి పురస్కారం ఆమెదే. ఆ వేసవి సీజన్ మొత్తం పోయింది. గాయం రష్యా క్లబ్ మ్యాచ్‌లో, నష్టం అమెరికా లీగ్‌కు.

2020 జనవరిలో కుదిరిన కొత్త ఒప్పందంతో డబ్ల్యూఎన్‌బీఏ గరిష్ఠ జీతం 2,15,000 డాలర్లకు పెరిగింది. దాంతోపాటే ఒక షరతూ వచ్చింది. 2023 నుంచి సీనియర్ క్రీడాకారిణులు విదేశీ సీజన్ కారణంగా ఆలస్యంగా వస్తే జరిమానా, తర్వాత ఆ సీజన్‌కే సస్పెన్షన్. జీతం రష్యా స్థాయికి పెంచకుండా రష్యా దారి మూయడమేమిటని క్రీడాకారిణులు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. అన్నేళ్లూ రాగి కంపెనీ డబ్బు వల్లే తక్కువ జీతాలతో లీగ్ నడపడం అమెరికాకు వీలైందన్నది లీగ్ ఒప్పుకోవడానికి ఇష్టపడని సత్యం.

ఆ దారిని చివరికి మూసింది ఒప్పందం కాదు. 2022 ఫిబ్రవరి 17న మాస్కో విమానాశ్రయంలో బ్రిట్నీ గ్రైనర్‌ను అరెస్టు చేశారు. ఫీనిక్స్‌లోనూ, ఎకాటెరిన్‌బర్గ్‌లోనూ ఆమె టురాసి సహచరి. సామానులో గంజాయి నూనె ఉన్న వేప్ కార్ట్రిడ్జ్‌లు దొరికాయి. వారానికే ఉక్రెయిన్‌పై దాడి మొదలైంది. ఆగస్టులో కోర్టు తొమ్మిదేళ్ల శిక్ష వేసింది. డిసెంబరు 8న అబుదాబిలో ఆయుధ వ్యాపారి విక్టర్ బౌట్‌ను రష్యాకు అప్పగించాక గానీ ఆమె ఇంటికి రాలేదు. మిగిలిన అమెరికన్ క్రీడాకారిణులు అప్పటికే రష్యా విడిచారు. రష్యా జట్లను అంతర్జాతీయ పోటీల నుంచి దూరం పెట్టడంతో యూరోలీగ్ తలుపూ మూసుకుంది.

టురాసి అప్పటికి అయిదేళ్లుగా విదేశాల్లో ఆడటం లేదు. 2017లో ఎకాటెరిన్‌బర్గ్ వదిలి, శీతాకాలాలు ఇంట్లోనే గడపడం మొదలుపెట్టారు. అదే ఏడాది డబ్ల్యూఎన్‌బీఏ చరిత్రలో అత్యధిక పాయింట్లు సాధించిన క్రీడాకారిణి అయ్యారు. 2024 పారిస్‌లో ఆరో ఒలింపిక్ స్వర్ణం గెలిచి, 2025 ఫిబ్రవరిలో 42 ఏళ్ల వయసులో ఆట నుంచి తప్పుకున్నారు. సరిగ్గా ఆ శీతాకాలంలోనే బ్రియానా స్టీవర్ట్, నఫీసా కాలియర్ స్థాపించిన అన్‌రైవల్డ్ అనే ముగ్గురేసి ఆడే లీగ్ మయామీ ప్రాంతంలో మొదటి సీజన్ ఆడింది. అందులో క్రీడాకారిణులకు జీతంతో పాటు వాటా కూడా ఉంది.