తలాంతు అంటే పాట పాడటమేనా?

సండేస్కూలు పిల్లలకు టాలెంట్ టెస్ట్ పెట్టని సంఘం అరుదు. బాగా పాడేవారిని, కీబోర్డు వాయించేవారిని చూసి ‘దేవుడు మంచి తలాంతు ఇచ్చాడు’ అంటాం. అవేవీ రానివారు ‘నాకు ఏ తలాంతూ లేదండి అయ్యగారూ’ అని వెనుక వరుసలో ఉండిపోతారు. అయితే ఈ మాట పుట్టింది పాటల పోటీలో కాదు, త్రాసు దగ్గర.

గ్రీకులో ‘తలాంతోన్’ అంటే మొదట త్రాసు. తరువాత త్రాసులో తూచే బరువు, ఆపైన అంత బరువుగల వెండి. ఏథెన్సు లెక్కలో ఒక తలాంతు సుమారు 26 కిలోలు, అంటే 6,000 ద్రాక్మాలు. లాటిన్‌లో ‘తలెంతుమ్’ అయిన ఈ మాట పాత ఇంగ్లీషులోకీ బరువు పేరుగానే వెళ్లింది. మన తెలుగు బైబిలులోనూ ‘తలాంతు’గా నిలిచింది.

మరి ప్రతిభ అనే అర్థం ఎక్కడిది? మత్తయి 25:14-30లో ప్రభువు చెప్పిన ఉపమానం నుంచే. దూరదేశం వెళ్లే యజమాని ముగ్గురు దాసులకు ఐదు, రెండు, ఒకటి చొప్పున తలాంతులు అప్పగించాడు. ఆ వెండిని దేవుడిచ్చిన సామర్థ్యాలుగా బోధకులు వివరించారు. 15వ శతాబ్దం నాటికి ఇంగ్లీషులో ఆ అర్థం వాడుకలోకి వచ్చింది. నేడు సినిమావాళ్లు, కంపెనీలవాళ్లు అనే ‘టాలెంట్’ అదే.

కానీ 15వ వచనం గమనించండి. యజమాని తలాంతులు పంచింది ఎవరి సామర్థ్యాన్ని బట్టి వారికి. అంటే అక్కడ సామర్థ్యం వేరు, తలాంతు వేరు. తలాంతు దాసుని గొప్పతనం కాదు, నమ్మి అతని చేతిలో పెట్టిన యజమాని సొమ్ము.

ఆ ఒక్క తలాంతు చిన్న మొత్తమా? మత్తయి 20లో కూలివానికి రోజుకు ఒక దేనారము. అది ఇంచుమించు ఒక ద్రాక్మా. ఏడాదికి 300 పనిదినాలు అనుకుంటే, ఒక్క తలాంతు 20 ఏళ్ల కూలి! మూడవ దాసుడు గుంట తవ్వి దాచిపెట్టింది అంత సొమ్మును.

ఐదు తెచ్చినవానికీ రెండు తెచ్చినవానికీ యజమాని మెప్పు ఒకటే. మూడవవాడు మందలింపు పొందింది తక్కువ సంపాదించినందుకు కాదు, ఇచ్చినదాన్ని కదపనందుకు.

రోగి పక్కన కూర్చునే ఓపిక, కానుకల లెక్క తప్పని నమ్మకం, పదిమందికి వండిపెట్టే చెయ్యి, ఇవి వేదికపై కనబడవు. అయినా అవి ఆయన అప్పగించినవే. ఆ ముగ్గురిలో ఉత్తచేతులతో మిగిలిన దాసుడు ఒక్కడూ లేడు. వెనుక వరుసలోని సహోదరీ, సహోదరుడా, మీరూ అంతే.