ఇటుకలు ఇసిరే ఎలుక ముచ్చట

పొద్దుగాల పేపర్ రాంగనే మీరు ముందుగాల్ల బొమ్మల పేజీనే తిప్పుతరు కదా, ఇయ్యాల అసొంటి బొమ్మలేసినోడి ముచ్చట చెప్త ఇనుర్రి. మనోడు కాదు, అమెరికాయన. పేరు జార్జ్ హెరిమన్. నేను ప్రెస్సుల జింకు బ్లాకులు చేసే కాలంల ఐతారం వచ్చిందంటే ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు ఏరుకుంటుంటి. ఈయన పుస్తకం గాడ్నే దొరికింది. మొదట బొమ్మలు చూసి నవ్విన. మనిషి కత ఎన్కసిరి తెల్సింది. తెల్సినంక ఆ బొమ్మలే మల్ల చూస్తే ఇంకోతీరుగ కనవడ్డయి.

ఈయన 1880 ఆగస్టు 22 నాడు లూసియానా రాష్ట్రంల న్యూ ఆర్లీన్స్ పట్నంల పుట్టిండు. వాల్లది ట్రెమే అనే వాడ. నాయిన దర్జీ. ఆ వాడోల్లను క్రియోల్లు అంటరు. తెల్లోల్ల నెత్తురు, నల్లోల్ల నెత్తురు కలిసిన ఇండ్లు. ఫ్రెంచి మాట్లాడెటోల్లు, సదువుకున్నోల్లు. దేశంల బానిసతనం పోకముందే వీల్లల్ల చానమంది ఎవ్వరి కింద లేకుండ బతికినోల్లు. గని సర్కారు కాయిదంల మాత్రం ‘రంగోల్లు’. 1890ల ఆ రాష్ట్రం ఒక చట్టం తెచ్చింది, రైల్ల తెల్లోల్లకు ఒక పెట్టె, రంగోల్లకు ఇంకో పెట్టె అని. దాని మీద కొట్లాడెటందుకు కావాల్నని తెల్లోల్ల పెట్టె ఎక్కి కూసున్న హోమర్ ప్లెస్సీ సుత ఆ ట్రెమే ఆయననే. 1896ల సుప్రీంకోర్టు ఆ కేసు కొట్టేసింది.

హెరిమన్ నాయిన అంతదాంక ఆగలే. పిల్లగానికి పదేండ్లు ఉన్నప్పుడు ఇంటిల్లిపాదిని తీస్కొని పడమటి సముద్రం ఒడ్డుకు, లాస్ ఏంజెలస్‌కు పోయిండు. కొత్త ఊర్ల వీల్లెవరో ఎవ్వల్కి ఎర్కలేదు. తేట రంగోల్లు కదా, తెల్లోల్లమనే బతికిర్రు. మనకు తెల్వని సంగతా ఇది? పట్నంల ఇల్లు అడగవోతే కిరాయి ఎంతన్నది తర్వాత, “మీరు ఏమోల్లు?” అన్నదే కదా ముందుగాల్ల. అప్పుడు అసలు మాట మింగి ఇంకేదో చెప్పినోల్లను నేను చూసిన. వాల్లను తిట్టబుద్ధి కాలే. ఆ దర్జీని సుత తిట్టబుద్ధి కాదు.

పిల్లగాడు పెద్దగయ్యి అక్కడి పేపర్ల బ్లాకులు చేసే ఖానల పనికి కుదిరిండు. మా పనే! ఈ ముచ్చట చదివిననాడు నాకు మస్తు ఖుషీ అయింది. ఆ పని ఎట్లుంటదో మీకు తెల్వదు గద. నల్ల సిరాతోని ఏసిన బొమ్మను ఫోటో తీస్తరు, దాన్ని జింకు రేకు మీదికి దించుతరు, రేకును యాసిడ్ల ముంచుతరు. గీత ఉన్న కాడ రేకు నిలుస్తది, కడమదంత యాసిడ్ తింటది. మరీ సన్న గీతైతే అది సుత పోతది. గీతలు గీతలు కలిసి ఇరుకైతే అచ్చుల సిరా అలుక్కపోయి మచ్చ పడ్తది. ఆ కంపుల నిలవడి చేసినోడికే ఏ గీత బతుకుతదో, ఏది సస్తదో తెలుస్తది. హెరిమన్ గీత చూడుర్రి, కోడి గీరినట్టు ఉంటది, గని నాసిరకం పేపర్ మీద సుత ఒక్కటి తప్పిపోదు. అది బడిల నేర్పేది కాదు.

1900ల సామాన్ల రైల్ల దొంగతనంగ ఎక్కి న్యూయార్క్ పోయిండు. అప్పుడు ఆ ఊర్ల పులిట్జర్, హర్స్ట్ అని ఇద్దరు పేపర్ల సేట్లు ఒకరి మీద ఒకరు పోటీకి దిగి, ఐతారం రంగుల బొమ్మల పేజీలతోని గిరాకిని గుంజుకుంటుండె. మంచి బొమ్మలేసెటోన్ని ఎక్కువ పైసలిచ్చి ఎత్కపోవుడే. హెరిమన్ 1902ల పులిట్జర్ పేపర్ల ‘మ్యూజికల్ మోస్’ అని ఒకటి ఏసిండు. మోస్ నల్లోడు, పాటగాడు. ఇంకో జాతోని లెక్క ఏషం కడ్తడు, దొరికిపోతడు, దెబ్బలు తింటడు. ఇరువై రెండేండ్లు సుత నిండని పిల్లగాడు, తన గుట్టు ఎవ్వల్కి చెప్పనోడు, లక్షలమంది సదివే పేపర్ల ఆ బొమ్మ ఏసిండు. దాని గురించి నేను ఎంతసేపు ఆలోచించినా ఒడువదు.

ఇగ కొన్నేండ్లు ఈ పేపర్ ఆ పేపర్ తిరిగిండు, చివరికి హర్స్ట్ దగ్గర కుదిరిండు. 1910ల ‘డింగ్‌బ్యాట్ కుటుంబం’ మొదలువెట్టిండు. మీది అంతస్తుల ఎవరున్నరో తెల్వక సతమతమయ్యే కిరాయి ఇంటోల్ల కత. దాని కింద జర జాగ మిగుల్తుండె. ఖాళీగ ఎందుకని ఒక పిల్లిని, ఒక ఎలుకను ఏసిండు. జులై 26 నాడు ఆ ఎలుక పిల్లి తలకాయకేసి ఏదో ఒకటి ఇసిరింది. సదివెటోల్లకు మీది కత కన్న కింది కతనే నచ్చింది. 1913 అక్టోబర్ 28 కాడికి పిల్లికి సొంత బొమ్మల పట్టీ వచ్చింది, పేరు ‘క్రేజీ క్యాట్’. 1916ల ఐతారం నిండు పేజీ ఇచ్చిర్రు.

కత అంత ఒక్కటే. పిల్లికి ఎలుక మీద పావురం. ఎలుక పేరు ఇగ్నట్జ్, దానికి పిల్లిని చూస్తే మంట. ఇటుకలు కాల్చే కోలిన్ కెల్లీ కాడ ఇటుక కొంటది, గురి చూసి కొడ్తది. పిల్లేమో నన్ను యాది చేసిండని మురుస్తది. పోలీసు కుక్కకు పిల్లి మీద మనసు, గని నోరు తెరిచి చెప్పడు, ఎలుకను పట్టి జైల్ల ఏస్తడు. గంతే. దీన్నే ముప్పై ఏండ్లు, ఒక్కనాటిది ఒక్కనాటి లెక్క లేకుండ ఏసిండు. పిల్లి ఆడదా మొగదా అంటే హెరిమన్ తేల్చి చెప్పలే. వెనుక ఉండే కొండలు, చెట్లు, చందమామ సుత నిలకడగ ఉండయి. పిల్లి, ఎలుక నిలవడ్డ కాడనే నిలవడి మాట్లాడుతుంటయి, ఒక గడిల పగలైతే ఇంకో గడిల రాత్రి, కొండ పోయి చెట్టు వస్తది. ఆ కొండలు ఉత్తగ ఊహించినయి కాదు. అరిజోనా, యూటా సరిహద్దుల మాన్యుమెంట్ వ్యాలీ అని ఎర్రరాళ్ల నేల ఉన్నది, నవాహో తెగోల్ల జాగ. ఏండ్ల తరబడి అక్కడికి పోయి, కయెంటా ఊర్ల వెదరిల్ అనేటోల్ల ఇంట్ల దిగుతుండె.

సదివెటోల్లల్ల చానమందికి ఇది సమజ్ కాలే. కొందరు ఎడిటర్లు తీసేద్దామని చూసిర్రు. హర్స్ట్ సేటు వద్దన్నడు. ఆయనంటే నాకు పెద్ద ఇష్టం లేదు, తన పేపర్లతోని చేసిన ఆగం తక్కువది కాదు. గని ఈ ఒక్క కాడ ఆయనకు దండం పెట్టాలె. 1922ల ‘క్రేజీ క్యాట్’ను బ్యాలే నాటకం చేసిర్రు, 1924ల గిల్బర్ట్ సెల్డెస్ అనే విమర్శకుడు ఇది గొప్ప కళ అని రాసిండు. హెరిమన్‌కు మాత్రం పొగిడితే సిగ్గు.

దోస్తులు ఆయనను ‘గ్రీకోడు’ అని పిలుస్తుండె. ఏ జాతోడో అంతు చిక్కక టాడ్ డోర్గన్ అనే తోటి బొమ్మలాయన పెట్టిన పేరు. నెత్తి మీద ఎప్పుడు టోపీ ఉంటది, ఫోటోల సుత తీయడు. ఉంగరాల ఎంట్రుకలు కనవడొద్దని అని కొందరంటరు. ఒకపారి పట్టీల పిల్లి సింగారం చేసే దుకాణంకు పోయి తెల్లగ అయ్యి వస్తది. ఎలుక దాన్ని చూసి మనసు పారేస్కుంటది. అసలు పిల్లి ఇదే అని తెల్వంగనే, ఇటుక!

పెండ్లాం మేబెల్ 1931ల కారు ప్రమాదంల పోయింది. 1939ల చిన్న బిడ్డ పోయింది. ఆయన బొమ్మలు ఏస్కుంటనే ఉండె. 1944 ఏప్రిల్ 25 నాడు లాస్ ఏంజెలస్‌ల పానం పోయింది. బూడిదను ఆ ఎర్రరాళ్ల నేల మీద చల్లిర్రు. ముందుగాల్ల ఏసి పెట్టిన పేజీలు జూన్ 25 దాంక వచ్చినయి. పాత బొమ్మలాయన పోతే కొత్తోన్ని పెట్టుకొని నడిపిచ్చుడు ఆ పేపర్లోల్లకు అలవాటే, గని దీన్ని మాత్రం ఎవ్వల్కి ఇయ్యలే.

సావు కాయిదంల సుత తెల్లోడనే రాసిర్రు. 1971ల ఆర్థర్ ఆసా బర్గర్ అనే పంతులు ఈయన మీద నాలుగు ముక్కలు రాద్దామని పుట్టుక కాయిదం తెప్పిస్తే అండ్ల ‘రంగోడు’ అని ఉన్నది. ఇగ సదువుకున్నోల్లంత పాత పేజీలు మల్ల ముందటేస్కొని ప్రతి గడిల గుట్టు ఎతుకవట్టిర్రు. మోస్ కాడ, తెల్ల పిల్లి కాడ నేను ఒప్పుకుంట. గని ప్రతి ఇటుకకు ఒక అర్థం రాసెటోల్లను చూస్తే నాకు నవ్వొస్తది. నా లెక్కల ఇటుక ఇటుకనే. ఇగ మొన్నటి గడిల కొండ ఉన్న కాడ ఇయ్యాల పూలకుండీ ఎందుకున్నదని మాత్రం నన్ను అడగకుర్రి, ఆయనను అడిగినా చెప్పకపోవు.