ఐదో తరగతి దాటిన పిల్లలు ఎటు వెళ్తున్నారు? మౌలాలి–తార్నాక ప్రభుత్వ బడుల నమోదుపై ఒక పరిశీలన

తార్నాక హైదరాబాద్ జిల్లాలో ఉంది. నాలుగైదు కిలోమీటర్ల దూరంలోని మౌలాలి 2016 పునర్విభజనలో మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలోకి వెళ్లింది. అద్దె పెరిగితే బస్తీ మారే కుటుంబాలకు ఈ హద్దుతో పనిలేదు. విద్యాశాఖ లెక్కలకు మాత్రం అదే ప్రాణం. మౌలాలిలో ఐదో తరగతి పూర్తిచేసిన అమ్మాయి లాలాగూడలో ఆరో తరగతిలో చేరితే ఒక జిల్లాలో నమోదు తగ్గినట్టు, మరో జిల్లాలో పెరిగినట్టు కనిపిస్తుంది. ప్రభుత్వ బడి మాత్రం ఆ పిల్లను పోగొట్టుకోలేదు.

ఇంతకంటే పెద్ద చిక్కు గురుకులాలతో వస్తుంది. తెలంగాణలో సాంఘిక, గిరిజన, బీసీ, మైనారిటీ గురుకులాలు కలిపి వెయ్యికి పైగా ఉన్నాయి. చాలావాటిలో ప్రవేశం ఐదో తరగతిలోనే, అదీ ఎక్కువగా పరీక్ష ద్వారా. నాలుగో తరగతిలో బాగా చదివే పిల్లలను టీచర్లే దగ్గరుండి దరఖాస్తు పెట్టించి పంపుతారు. అలా చేయడం న్యాయమే. కానీ రెండేళ్లకు అదే వాడలోని హైస్కూలు ఆరో తరగతిని తూకం వేసి ‘ఫలితాలు పడిపోయాయి’ అనడం అన్యాయం. వెళ్లిన పిల్లలూ ప్రభుత్వ సొమ్ముతోనే చదువుతున్నారు కదా!

నమోదు తగ్గితే హేతుబద్ధీకరణ పేరుతో టీచర్లను వేరే బడికి సర్దుతారు. ఆరు నుంచి ఎనిమిది వరకు సైన్సు–లెక్కలకు, సాంఘిక శాస్త్రానికి, భాషలకు కనీసం ఒక్కో టీచరు ఉండాలనీ, ప్రతి 35 మందికి ఒకరు ఉండాలనీ 2009 విద్యాహక్కు చట్టం చెబుతోంది. లెక్కల సారు కదిలిపోయాడని తెలిసిన తల్లిదండ్రులు వచ్చే జూన్‌లో పిల్లలను బడిలో చేర్పించే ‘బడిబాట’ ప్రచారానికి వచ్చిన టీచర్లకు ఏం జవాబిస్తారో ఊహించవచ్చు.

పిల్లల సామర్థ్యాన్ని కొలిచే సాధనాలూ ఈ వాడను దాటిపోతున్నాయి. 2005 నుంచి వస్తున్న ‘అసర్’ గ్రామీణ సర్వే కాబట్టి ఇక్కడికి రాదు. 2021 నవంబరు 12న జరిగిన జాతీయ సాధన సర్వే, 2024 డిసెంబరు 4న మూడు, ఆరు, తొమ్మిది తరగతులకు జరిగిన ‘పరఖ్’ సర్వే జిల్లాకు ఒక సగటు ఇస్తాయి. మౌలాలి పారిశ్రామిక వాడకు బిహారు, ఒడిశాల నుంచి వచ్చిన కూలీల బిడ్డ తెలుగు, ఇంగ్లీషు రెండూ కొత్తగా నేర్చుకుంటున్న సంగతి ఆ సగటులో కనిపించదు.

అడ్మిషన్ రిజిస్టర్ ముందు కూర్చుంటే అసలు విషయం బోధపడుతుంది. ప్రభుత్వ బడికి మారే పిల్లవాడి టీసీని ఫీజు బాకీ ఉందని ప్రైవేటు బడి ఆపుతుంది. టీసీ ఆలస్యమైందని ప్రవేశం నిరాకరించరాదని విద్యాహక్కు చట్టం ఐదో సెక్షన్ స్పష్టంగా చెప్పింది కాబట్టి హెచ్.ఎం. చేర్చుకుంటారు. కానీ పాత బడి ఆన్‌లైన్‌లో పేరు వదలనంత కాలం బడుల జాతీయ సమాచార వ్యవస్థ ‘యూడైస్‌’లో ఆ పిల్లవాడు అక్కడివాడే. తరగతిలో కూర్చున్నాడు, లెక్కలో లేడు.

2022–23 నుంచి యూడైస్‌లో ప్రతి విద్యార్థికీ విడిగా నమోదు ఉంది. కాబట్టి ఐదో తరగతి ముగించిన ప్రతి పిల్లా ఆగస్టు నాటికి ఏ బడిలో ఉన్నదీ రెండు జిల్లాల విద్యాధికారులు కలిసి ఏటా ప్రకటించాలి. ఈ పనికి ఉస్మానియా విశ్వవిద్యాలయ విద్యాశాస్త్ర పరిశోధకులు తోడు నిలవాలి. ఆ లెక్క బయటికి వచ్చేదాకా నమోదు తగ్గిందన్న కారణంతో ఏ ఉన్నత పాఠశాల నుంచీ సబ్జెక్టు టీచరును కదపకూడదు.