మిగిలిన ఆటల లెక్క

వేసవిలో క్రికెట్ లీగు పోటీలు చివరి వారమునకు చేరగానే మన ఊళ్ళలో ఒకే ప్రశ్న వినవచ్చును: “మనవాళ్ళకింకా ఛాన్సున్నదా?” శంషాబాదు విమానాశ్రయమునకు సమీపముననున్న మా రావిర్యాలలో టీ హోటళ్ళ బల్లలపై ఈ లెక్కలు పెన్సిలుతో వేసినవారు చాలమంది కలరు. (ఆ విమానాశ్రయము, ఈ లీగు, రెండును 2008లో ఒక నెల తేడాతో ప్రారంభమైనవే.) కాని ఆ ఒక్క ప్రశ్నలో నిజముగా రెండు ప్రశ్నలు ఇమిడియున్నవి. ప్లేఆఫ్‌కు చేరుట సాధ్యమా, అసాధ్యమా అనునది ఒకటి. సాధ్యమైనచో ఎంతవరకు సాధ్యమనునది మరియొకటి. వార్తాపత్రికలు తరచుగా రెండింటిని కలిపివేయును. గణితశాస్త్ర చరిత్రలో మాత్రము ఈ రెండింటికి మూడు వందల సంవత్సరముల ఎడమున్నది. చిత్రమేమనగా, రెండవ ప్రశ్నకే ముందు సమాధానము దొరికినది.

1494లో వెనీసు నగరమున అచ్చయిన గ్రంథములో లూకా పచియోలీ అను ఇటలీ పండితుడు ఒక సమస్యను చర్చించెను. ఇద్దరు సమానముగా పందెమొడ్డి ఆట ప్రారంభించిరి. ఏదో కారణమున ఆట మధ్యలో ఆగిపోయినది. పందెపు సొమ్మును ఎట్లు పంచవలెను? ఇంతవరకు ఎవరెన్ని ఆటలు గెలిచిరో ఆ నిష్పత్తిలో పంచవలెనని పచియోలీ అభిప్రాయము. పైకి న్యాయముగనే తోచును. కాని ఒక్క ఆట మాత్రమే జరిగి ఆగిపోయినచో, ఆ ఒక్కటి గెలిచినవానికే సొమ్మంతయు పోవును. ఇది ఎవరికి సమ్మతము?

1654లో ఫ్రాన్సు దేశమున బ్లేజ్ పాస్కల్, తులూజ్ నగర న్యాయస్థానమున ఉద్యోగియైన పియెర్ దె ఫెర్మా ఈ సమస్యపై ఉత్తరములు వ్రాసికొనిరి. పాస్కల్ జూలై 29వ తేదీ లేఖలోని ఉదాహరణము ఇది: ఇద్దరు చెరి 32 బంగారు నాణెములు ఒడ్డిరి, ముందుగా మూడు ఆటలు గెలిచినవానిది పందెము. ఒకడు రెండు, రెండవవాడు ఒకటి గెలిచియుండగా ఆట ఆగినది. మొదటివానికి 48, రెండవవానికి 16 రావలెనని పాస్కల్ తేల్చెను. తరువాతి ఆట మొదటివాడు గెలిచినచో 64 నాణెములును అతనివే. ఓడినను ఇద్దరును సమానులై 32 దక్కును. కావున 32 ఎట్లును అతనివే, తక్కిన 32లో సగము 16. మొత్తము 48. గడచిన ఆటలు కాక మిగిలిన ఆటలే లెక్కకు ఆధారమైనవి. సంభావ్యతా శాస్త్రమునకు ఇదే పునాది యని చరిత్రకారులు చెప్పుదురు.

ఇదే లెక్క 365 సంవత్సరముల తరువాత మన హైదరాబాదు జట్టునకు అక్షరాల వర్తించినది. 2019 మే 4 సాయంత్రమునాటి స్థితి చూడుడు. ముంబాయి, చెన్నై, ఢిల్లీ జట్లు మూడు స్థానములను ఖాయము చేసికొన్నవి. నాల్గవ స్థానమునకు సన్‌రైజర్స్ హైదరాబాదు, కోల్‌కతా నైట్ రైడర్స్ పోటీపడుచున్నవి. రెండింటికిని 13 మ్యాచులలో 12 పాయింట్లే. రాజస్థాన్ ఆ మధ్యాహ్నమే ఓడి తప్పుకొన్నది. పంజాబు చివరి మ్యాచి గెలిచినను 12 వరకే చేరగలదు, దాని నెట్ రన్ రేటు తక్కువ. ఆ రాత్రి హైదరాబాదునకు బెంగుళూరుతోను, మరునాడు కోల్‌కతాకు ముంబాయితోను ఆట కలదు.

పచియోలీని అడిగియుండినచో 12కు 12, చెరి సగమనెడివాడు. కాని పాయింట్లు సమానమైనపుడు నెట్ రన్ రేటు చూతురు, అందు హైదరాబాదుది చాల ముందంజ. కావున కోల్‌కతా లోనికి రావలెనన్న రెండును జరుగవలెను: హైదరాబాదు ఓడవలెను, కోల్‌కతా గెలువవలెను. రెండు మ్యాచులకు నాలుగు విధముల ఫలితములు. అందు మూడు హైదరాబాదునకు అనుకూలము, ఒకటి కోల్‌కతాకు. మూడింట నాలుగవ వంతు కాదు, నాలుగింట మూడు వంతులు! అనగా 64లో 48. ప్రతి మ్యాచిలోను ఇరుపక్షములకు సమానావకాశమను ఊహపై ఈ లెక్క నిలిచియున్నది. ముంబాయి తన సొంత మైదానమున ఆడుచుండుటచే హైదరాబాదు ఆశ నిజముగా కొంత ఎక్కువేయని నా అభిప్రాయము.

ఫెర్మా ఈ విధముగనే సాధ్యమగు ఫలితములను లెక్కించెను. దానికి రోబెర్వాల్ అను పండితుడు ఆక్షేపణ తెలిపెను: మొదటి ఆటతోనే పందెము తేలిపోయినపుడు రెండవ ఆట ఆడినట్లు ఊహించుట ఎందులకు? లీగు పోటీలలో ఈ ఆక్షేపణకు తావే లేదు. తేలినను తేలకున్నను మే 5 మ్యాచి జరిగియే తీరును.

జరిగినదేమి? మే 4 రాత్రి హైదరాబాదు ఓడినది. మూడు వంతుల ఆశ సగమైనది. ఇక తమ చేతిలో ఏమియు లేక పరుల ఆట చూచుచుండవలసి వచ్చినది. మే 5న ముంబాయి కోల్‌కతాను 9 వికెట్ల తేడాతో ఓడించినది. పంజాబు గెలిచి 12 చేరినది. మూడు జట్లకు 12 పాయింట్లు. నెట్ రన్ రేట్లు హైదరాబాదునకు 0.577, కోల్‌కతాకు 0.028, పంజాబునకు ఋణము 0.251. కేవలము 12 పాయింట్లతో ప్లేఆఫ్ చేరిన మొదటి జట్టు మనదే.

నెట్ రన్ రేటనగా లీగు అంతటను ఓవరుకు చేసిన పరుగుల సగటు నుండి ఇచ్చిన పరుగుల సగటును తీసివేయగా వచ్చునది. ఆ 0.577 ఎక్కడినుండి వచ్చినది? మార్చి 31న ఉప్పల్‌లో హైదరాబాదు 2 వికెట్లకు 231 పరుగులు చేసి, బెంగుళూరును 113కే పడగొట్టినది. తేడా 118. ఈ 118ని 14 మ్యాచుల సుమారు 280 ఓవర్లకు పంచినచో 0.42 వచ్చును. అనగా ఆ నిల్వలో ఎక్కువ భాగము ఒక్క రోజు సంపాదన.

12 పాయింట్లు చాలుట ఎట్లు? ఎనిమిది జట్లకు 56 మ్యాచులు, మ్యాచికి 2 చొప్పున 112 పాయింట్లు. చెరువులో నీరెంతయో ముందే తెలియును. పై మూడు జట్లు తలా 18 చొప్పున 54 తోడుకొనగా, తక్కిన ఐదింటికి మిగిలినది 58. సగటున 12 కంటె తక్కువ. ఆ ఐదును 12, 12, 12, 11, 11గా పంచుకొన్నవి.

ఈ నీటి ఉపమానము నా కల్పన మాత్రమే కాదు. మొదటి ప్రశ్నకు సమాధానము ప్రవాహముల గణితమునుండియే వచ్చినది. 1950 ప్రాంతములలో అమెరికాలోని రాండ్ సంస్థలో సోవియట్ రైలుమార్గములపై గరిష్ఠముగా ఎంత సరుకు సాగగలదను సమస్య వచ్చినది. ఫోర్డ్, ఫల్కర్సన్ అను గణితజ్ఞులు 1956లో దానికి సాధారణ సిద్ధాంతము ప్రకటించిరి. పదేండ్ల తరువాత, 1966లో, బెంజమిన్ ష్వార్ట్జ్ దానిని బేస్‌బాల్ పట్టికలకు అన్వయించెను. ఆ దేశమున సీజను చివర “ఈ జట్టు పని ముగిసినదా?” అనునది ఇంటింటి ప్రశ్న. అంతకు రెండేండ్ల ముందే ఫిలడెల్ఫియా జట్టు 12 ఆటలు మిగిలియుండగా ఆరున్నర ఆటల ఆధిక్యముతో నుండి, వరుసగా పది ఓడి, అగ్రస్థానము పోగొట్టుకొన్నది.

ష్వార్ట్జ్ పద్ధతిని మన భాషలో ఇట్లు చెప్పవచ్చును. మన జట్టు మిగిలినవన్నియు గెలిచినదనుకొనుడు. తక్కిన ప్రతి మ్యాచి ఒక తూము. దానినుండి రెండు కాలువలు రెండు జట్ల మళ్ళకు పోవును. ప్రతి మడికి గట్టు కలదు: మన గరిష్ఠము నుండి ఆ జట్టు నేటి పాయింట్లు తీసివేసినంత ఎత్తు. తూముల నీరంతయు ఏ గట్టును తెంపక ఇముడునా? ఇమిడినచో ఆశ కలదు. ఇది అగ్రస్థానమునకు లెక్క. నాల్గవ స్థానమైనచో మూడు జట్లను గట్టు లేకుండ విడిచి, ఏ మూడైనది మార్చి మార్చి చూడవలెను. పది జట్ల లీగులో 84 విధములు. గెలుపునకు 3 పాయింట్లిచ్చు ఫుట్‌బాల్‌లో ఈ పద్ధతి పనిచేయదు. అది కంప్యూటర్లకును కఠినమైన సమస్యల కోవలోనిదని 1999లో రుజువైనది.

ప్రత్యర్థులు తమలో తాము ఆడవలసియున్నారను విషయమునే టీ బల్లపై లెక్కలు మరచును. 2025 మే 5 ఉదయమున హైదరాబాదునకు 10 మ్యాచులలో 6 పాయింట్లు. అన్నియు గెలిచినచో 14. బెంగుళూరు 16, పంజాబు 15 దాటిపోయినవి. ముంబాయి, గుజరాత్ 14 వద్ద ఉన్నవి. ఇవి రెండును ఇక గెలువకున్న చాలునని ఎవరైనను అందురు. కాని మరునాడే అవి పరస్పరము ఆడవలెను! ఒకటి 16 చేరుట తప్పదు. వర్షము కురిసినచో రెండును 15. మిగిలిన రెండవది 14 వద్ద ఆగవలెనన్న ఢిల్లీ చేతిలోను ఓడవలెను. అప్పుడు ఢిల్లీ కూడ 14కు చేరును. అనగా హైదరాబాదునకు ఒంటరిగా నాల్గవ స్థానము అప్పటికే మూసికొనిపోయినది. మిగిలినది నెట్ రన్ రేటు సందు మాత్రమే, ఆ యేడు అది చాల దిగువన ఉన్నది.

ఆ రాత్రి ఉప్పల్‌లో ఢిల్లీ 7 వికెట్లకు 133 పరుగులే చేసినది. ఇంతలో వాన వచ్చినది. హైదరాబాదు బ్యాటు పట్టనే లేదు. ఇరుజట్లకు చెరొక పాయింటు ఇచ్చిరి. ఆ పాయింటుతో హైదరాబాదునకు 7 వచ్చినవి, గరిష్ఠము మాత్రము 14 నుండి 13కు దిగినది. 14కు తగ్గని జట్లు అప్పటికే నాలుగు. ఒక పాయింటు సంపాదించి జట్టు పోటీనుండి తొలగిపోయినది. మిగిలిన మూడు మ్యాచులలో లక్నో, బెంగుళూరు, కోల్‌కతా జట్లను వరుసగా ఓడించి, సరిగా 13 పాయింట్లతో ఆరవ స్థానమున నిలిచినది. నాల్గవ స్థానము పొందిన ముంబాయికి 16 వచ్చినవి.